భరిణ మీద రాజుగారి చెయ్యి

ఒకానొక రాజ్యంలో రాజుగారి చెయ్యి పడనిదే ఏ పనీ పూర్తయ్యేది కాదు. ఇది పొగడ్త కాదు, ఆ రాజ్యంలో చట్టం.

రాజుగారి పేరు ఉద్దండవర్మ. మనిషి చెడ్డవాడని నేననను. కరువొస్తే గాదెలు తెరిపించేవారు. పన్నుల కోసం ఏ రైతు గొంతు మీదా కూర్చోలేదు. ఉన్నదల్లా ఒక్క పిచ్చి. ఎవరు ఏ పని చేసినా చివరి మెరుగు తన చేతితో పడితే తప్ప దానికి కళ రాదని ఆయన గట్టి నమ్మకం.

చిత్రకారుడు నెమలిని గీస్తే, రాజుగారు కుంచె అందుకుని దానికి ఇంకో ఈక పెట్టేవారు. ఆ ఈక తోకలో కాక ఎప్పుడూ మెడ మీదే మొలిచేది. కవి పద్యం చదివితే ఆఖరి మాట మార్చేవారు. ఆ పద్యం కుంటుకుంటూ ఇంటికి పోయేది. వంటశాలలో పప్పు దించారని తెలియగానే స్వయంగా వెళ్ళి ఇంకో గుప్పెడు ఉప్పు వేసి వచ్చేవారు. కొలువులో వాళ్ళంతా ఆ పప్పు తిని, అమృతంలా ఉందని చెప్పి, ఇళ్ళకు పోయి కడవలకు కడవలు నీళ్ళు తాగేవారు.

ఒకసారి వంటవాడు ఉండబట్టలేక, రాజుగారు అటు వెళ్ళగానే పులుసులో రెండు చెంబుల నీళ్ళు కలిపాడు. అది రాజుగారి చెవిన పడింది. వెంటనే దండోరా వేయించారు. రాజహస్తం పడిన వస్తువు పూర్తయినట్టే. ఆ తర్వాత దాని మీద ఇంకెవరి చెయ్యి పడినా వాళ్ళను పొలిమేర దాటిస్తారు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదన్న సామెత ఆ కొలువులో అక్షరాలా నిజమైంది. కాకపోతే అక్కడ ఉప్పు వేసేది ఒకరు, నీళ్ళు తాగేది అందరూ.

ఆ కొలువులోనే ముద్దన అనే అతను అడపం పట్టేవాడు. అంటే తమలపాకుల పెట్టె పట్టుకుని రాజుగారి పక్కన నిలబడి, ఆయన చెయ్యి చాచినప్పుడల్లా ఆకు చిలకలు చుట్టి అందించడం అతని కొలువు. నోట్లో తాంబూలం ఉన్నంతసేపు రాజుగారు మాట్లాడరు. రాజుగారికి కోపం వచ్చే సమయం కనిపెట్టి చిలక అందించి, ముద్దన ఎందరినో శిక్షల నుంచి తప్పించాడని జనం చెప్పుకునేవారు.

ఇలా ఉండగా రాజుగారి అక్కగారు పుట్టింటికి వస్తున్నట్టు కబురు వచ్చింది. తల్లి చిన్నతనంలోనే పోతే, తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. పెళ్ళై కొండల అవతలి రాజ్యానికి వెళ్ళాక మళ్ళీ రావడం ఇదే మొదలు. రాజుగారికి కాలు నిలవలేదు. అక్కకు ఏం పెట్టాలని ఆలోచిస్తే బంగారం ఆయన కంటికి ఆనలేదు. బంగారం ఆవిడ అత్తింట్లోనూ ఉంది. ఎక్కడా లేని కుంకుమభరిణ ఒకటి చేయించి తన చేతులతో ఇవ్వాలని మనసుపడ్డారు.

భరిణలకు ఆ చుట్టుపక్కల పెట్టింది పేరు కొండోజు. వాగు ఒడ్డున అతని పాక, పాకలో తరిమెన. తరిమెన మీద కర్ర గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనించి చెక్కుతారు. ఒకరు తాడు లాగి కర్రను తిప్పాలి, ఒకరు ఉలి పట్టాలి. ఉలి కొండోజుది, తాడు అతని భార్య గురవమ్మది. వాళ్ళకు పొలం లేదు, పుట్ర లేదు, పిల్లలు లేరు. ఉన్నది ఆ తరిమెన ఒక్కటే.

కొండోజు దగ్గర ఒక అంకుడు దుంగ ఉంది. అంకుడు తెల్లటి కర్ర. ఈ దుంగ వానాకాలమంతా వాగు పక్కన ఆకుల కింద పడి ఉండి, లోపలికి బూజు దిగింది. ఆ బూజు కర్రలో కాటుకతో గీసినట్టు సన్నటి నల్లగీతలు గీసింది. కోసి చూస్తే కొండలు, వాగులు, వాటి మీద మబ్బులు. ముందుగా తీసి ఉంటే ఆ గీతలుండేవి కావు, ఇంకొన్నాళ్ళు వదిలేస్తే దుంగే మిగిలేది కాదు. అదను చూసి తీసి నీడన ఆరబెట్టాడు కొండోజు.

అలాంటి కర్రను పచ్చిబాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి. మొద్దు ఉలి తగిలితే పొడి లేస్తుంది. నల్లగీత పొడి పక్కనున్న తెలుపులోకి దిగిందంటే ఇక ఏం చేసినా వదలదు. అందుకని పదునైన ఉలితో తేలిగ్గా చెక్కి, పొడి ఊదేసి, ఎక్కడా రుద్దకముందే లక్క పట్టించాలి. తిరుగుతున్న కర్రకు రంగు కలపని తేట లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పలచగా పరుచుకుంటుంది. ఆ పైన మొగలి ఆకుతో మెరుగు పెడితే తెలుపు తెలుపుగా, నలుపు నలుపుగా నిలిచిపోతాయి.

కొండోజు భరిణ చెక్కాడు గానీ, లక్క పట్టించడానికి నగరు పనులు చూసే అధికారి ఒప్పుకోలేదు. మెరుగు పెట్టడం రాజుగారి హక్కు, ఉత్త కర్రగానే పట్టుకురమ్మన్నాడు. కొండోజు చేతులు జోడించి చెప్పి చూశాడు. అధికారి మాత్రం ఏం చేస్తాడు, పొలిమేర భయం ఆయనకూ ఉంది.

నిండుకొలువులో ఆ భరిణను పళ్ళెంలో పెట్టి తెచ్చారు, వెనకే కొండోజూ వచ్చాడు. వెనక ఉన్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు. రాజుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. అక్కడితో ఊరుకుని ఉంటే మనకు ఈ కథ ఉండేది కాదు. ఆయన సంపెంగ నూనె తెప్పించి, పట్టుగుడ్డ ముంచి, భరిణను రుద్దడం మొదలుపెట్టారు. అక్క మీద ఎంత ప్రేమ ఉందో అంత బలంగా రుద్దారు. రుద్దేకొద్దీ నల్లగీతల పొడి లేచి, నూనెలో కలిసి, తెల్లటి కర్ర మీదంతా పాకింది. నూనె తాగి కర్ర పచ్చబారింది. కొండలూ మబ్బులూ కలిసిపోయి, చివరికి పొయ్యిగట్టు తుడిచిన మసిగుడ్డ రంగు మిగిలింది.

రాజుగారు భరిణను చూశారు, తన చేతిని చూసుకున్నారు. తప్పెవరిదో ఆ క్షణాన ఆయనకు తెలియలేదని నేననుకోను. కాని పదిమంది చూస్తున్నారు, పెద్దరికం అడ్డొచ్చింది. కుళ్ళు కర్ర తెచ్చి మోసం చేశావని కొండోజు మీద విరుచుకుపడ్డారు. అక్కగారు వచ్చేలోగా ఇంకో భరిణ తేవాలి, అది కూడా తన చేతిలో రంగు మారిందో తరిమెనను పెరికించి ఏట్లో వేయిస్తాను, మొగుడూ పెళ్ళాలిద్దరినీ పొలిమేర దాటిస్తాను అన్నారు. ముద్దన చప్పున చిలక అందించాడు గానీ, అప్పటికే మాట నోరు దాటింది.

ఆ సాయంత్రం ముద్దన వాగు ఒడ్డుకు వెళ్ళాడు. కొండోజు తరిమెన మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. అతనికీ కలిపి గురవమ్మే మాట్లాడింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రుద్దిందేమో ఆయన, కుళ్ళిందేమో మా కర్రా? మీరే చెప్పండి బాబుగారూ. ఈసారి రాయితో చేసిచ్చినా ఆ నూనెలో పడితే మసిబొగ్గే."

"మెల్లగా మాట్లాడవే," అన్నాడు కొండోజు.

"మెల్లగా మాట్లాడితే ఊళ్ళో ఉండనిస్తారా? కాపరానికొచ్చిన నాటి నుంచీ ఈ తాడే లాగుతున్నాను. దీన్ని ఏట్లో పారేస్తే ఈ చేతులు నేనెక్కడ పెట్టుకోవాలి?" అంటూ కాయలు కాసిన అరచేతులు ముద్దన ముందు చాపి, ఆమె ఏడ్చింది.

భరిణ చెక్కడానికి ఎంతసేపు పడుతుందని ముద్దన కొండోజును అడిగాడు. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేలోగా అయిపోతుందని, కాని లక్క పట్టించనివ్వాలని, ఆపైన రాజుగారి చెయ్యి పడకుండా ఆపేవాళ్ళు కావాలని కొండోజు చెప్పాడు.

"ఆపితే తల పోతుంది," అన్నాడు ముద్దన. "ఆపకూడదు. పడనివ్వాలి. కాకపోతే కాస్త తొందరగా పడనివ్వాలి."

దుంగలో మిగిలిన ముక్క ఉందా అని అడిగాడు. ఉందన్నారు. దాన్ని బెరడూ మన్నూ దులపకుండా మర్నాడు కొలువుకు తెమ్మని, తను చెప్పేదాకా దాని మీద ఉలి పెట్టవద్దని చెప్పి వచ్చేశాడు. భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు దుంగ కొలువులోకి వచ్చింది. ముద్దన రాజుగారికి నమస్కరించి, కిందటిసారి కర్ర దగ్గరే అనుమానం వచ్చింది గనక ఈసారి ప్రభువులే స్వయంగా పరీక్షిస్తే ఎవరూ వేలెత్తి చూపడానికి ఉండదని మనవి చేశాడు. రాజుగారికి ఆ మాట బాగా నచ్చింది. సింహాసనం దిగి వచ్చి, దుంగను వేళ్ళతో తట్టి చూశారు, వాసన చూశారు, ఏనుగును నిమిరినట్టు రెండు చేతులతోనూ నిమిరారు. గట్టి దుంగ, దీనికి ఏ లోటూ లేదని తీర్పు చెప్పారు. ఆ మాట అందరూ విన్నారని చూసుకుని, ముద్దన దుంగ మీద పట్టుబట్ట కప్పించి లోపలికి పంపించి, దానికి కాపలా పెట్టించాడు. అది చెక్కించడానికే పోతోందని రాజుగారు అనుకున్నారు.

రోజులు గడిచాయి. కొండోజు చేసే పని లేక, నూరిన ఉలినే మళ్ళీ నూరుతూ కూర్చున్నాడు. గురవమ్మ ఊళ్ళో ఉన్న అమ్మవార్లందరికీ మొక్కుకుంది. మర్నాడు అక్కగారు వస్తారనగా, పొద్దున్నే రాజుగారు కొలువు తీర్చి భరిణ తెమ్మన్నారు. నూనె గిన్నె, గుడ్డ పక్కనే సిద్ధంగా పెట్టుకున్నారు. కొండోజు దంపతులను కూడా పిలిపించారు.

ఇద్దరు భటులు పెద్ద పళ్ళెం మోసుకొచ్చి దించారు. ముద్దన పట్టుబట్ట తీశాడు. కింద దుంగ, ఎలా వచ్చిందో అలాగే ఉంది. బెరడులోంచి ఒక చీమ బయటికొచ్చి, సభను చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

"ఏమిటిది?" అన్నారు రాజుగారు.

"అక్కగారి కుంకుమభరిణ ప్రభూ. పూర్తయింది."

"ఇది దుంగ."

"మా కంటికి దుంగే. కాని దీని మీద తమరి చెయ్యి పడింది. పడితే పూర్తయినట్టేనని దండోరా ఉంది. రెండు చేతులూ పడ్డాయి గనక రెండింతలు పూర్తయినట్టు."

"నేను ముట్టుకున్నది పరీక్షించడానికి."

"పప్పును తమరు ముట్టుకునేదీ ఉప్పు పరీక్షించడానికే కదా ప్రభూ. ఆ తర్వాత మేమెవరమూ అందులో నీళ్ళు కలపడం లేదు."

వెనక వరసలో ఎవరికో దగ్గు వచ్చింది. మిగతావాళ్ళు పెదవులు కొరుక్కున్నారు. రాజుగారు కొండోజు వైపు తిరిగి, ఇన్నాళ్ళూ చెక్కకుండా ఏం చేస్తున్నావని గద్దించారు. కొండోజు ముద్దన వైపు చూశాడు.

ముద్దనే బదులిచ్చాడు. "చెక్కితే దండోరా ప్రకారం పొలిమేర దాటాలి. చెక్కకపోతే తమరి ఆజ్ఞ ప్రకారం పొలిమేర దాటాలి. ఏ వైపు పొలిమేర దాటాలో తెలియక ఇక్కడే నిలబడ్డాడు ప్రభూ."

రాజుగారి పని అడకత్తెరలో పోకచెక్క అయింది. చెక్కమంటే తన చెయ్యి పడినా పని పూర్తికాలేదని పదిమందిలో ఒప్పుకున్నట్టు. వద్దంటే ఇన్నేళ్ళకు పుట్టింటికొస్తున్న అక్కకు మట్టి అంటిన దుంగ చేతిలో పెట్టాలి. ఆయన దుంగ వైపు చాలాసేపు చూశారు. మొహంలో బింకం కొంచెం కొంచెంగా జారిపోయింది.

"ముద్దనా," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "రేపు అక్క వస్తుంది."

ఆ మాట రాజు మాట కాదు, తమ్ముడి మాట. ముద్దన వేళాకోళం కట్టిపెట్టి దగ్గరికి వచ్చాడు.

"ప్రభూ, ఏరువాక నాడు మొదటి సాలు ఎవరు దున్నుతారు?"

"నేనే."

"తమరు మేడి వదలగానే వ్యవసాయం పూర్తయిందని రైతులు ఇళ్ళకు పోతున్నారా? రాజుగారి చెయ్యి పడింది, ఇక మనం దిగుదామని దిగుతారు. తమరి చెయ్యి చివర పడితే పని అక్కడ ఆగిపోతోంది. ముందు పడితే అక్కణ్ణించి మొదలవుతుంది. దేశమంతా పండేది ముందు పడిన చేతి చలవే కదా ప్రభూ."

రాజుగారు నూనె గిన్నె తీసి అవతల పెట్టారు. "ఈ సంగతి నాకెప్పుడో తోచింది," అన్నారు. తోచిందో లేదో ఆయనకూ తెలుసు, ముద్దనకూ తెలుసు. ఎవరూ దాన్ని తవ్వలేదు. ఇక మీదట రాజహస్తం ప్రతి పనికీ మొదట్లో పడుతుందని, ఆ తర్వాత పనివాళ్ళు తమ పద్ధతిలో తాము చేసుకోవచ్చని అప్పటికప్పుడు దండోరా వేయించారు. కొండోజును పిలిచి దుంగ తీసుకుపొమ్మన్నారు. లక్కో, మొగలి ఆకో, ఏది కావాలో అది పెట్టుకోమన్నారు. పొలిమేర మాట తాను అననట్టే అనుకోమన్నారు.

గురవమ్మ దుంగను తానే నెత్తిన పెట్టుకుని, మొగుడి కన్నా ముందు పాకకు చేరింది.

రాజుగారికి మాత్రం నగరులో కాలు నిలిస్తే ఒట్టు. మధ్యాహ్నానికల్లా ముద్దనను వెంటబెట్టుకుని పాకకు వచ్చి, ఎత్తుపీట మీద కూర్చున్నారు. తాడు లాగుతుంటే కర్ర తిరిగింది. పొడి లేవకుండా, ఉలి అంచున పలచటి పేళ్ళు చుట్టలు చుట్టుకుంటూ రాలాయి. కొండలు, వాగులు, మబ్బులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక చోట మరక ఉన్నట్టు తోచి, అలవాటు చొప్పున రాజుగారి చెయ్యి ముందుకు వెళ్ళింది. గురవమ్మ తాడు లాగుతూనే ఆ చేతి వైపు చూసింది. రాజుగారు రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, లక్క పట్టేదాకా తీయలేదు. యుద్ధాలు గెలిచిన రోజున కూడా ఆయన అంత కష్టపడలేదని ముద్దన తర్వాత చెప్పేవాడు.

మర్నాడు అక్కగారు వచ్చారు. భరిణను అరచేతిలో పెట్టుకుని, దీపానికి దగ్గరగా పట్టుకుని, తిప్పి తిప్పి చూశారు. తెల్లటి కర్ర మీద గీతలు చెదరకుండా ఉన్నాయి. చూసి చూసి తమ్ముడి వైపు అనుమానంగా చూశారు.

"ఇందులో నీ చెయ్యి పడలేదా తమ్ముడూ?"

"పడిందక్కా. ముందే పడింది."

అక్కగారు నవ్వు ఆపుకోలేకపోయారు. "నీకీ పిచ్చి అంటించింది నేనేరా. చిన్నప్పుడు నేను ముగ్గు వేస్తుంటే నేనూ వేస్తానని ఏడ్చేవాడివి. సరేనని ఆఖరి చుక్క నీ చేత పెట్టించి, నీ చెయ్యి పడితేనే ముగ్గు పూర్తయింది నాయనా అనేదాన్ని. నువ్వు పాలు తాగడానికి లోపలికి వెళ్ళగానే, ఆ చుక్క చెరిపేసి మళ్ళీ పెట్టుకునేదాన్ని."

ముద్దన చెయ్యి అలవాటుగా చిలక మీదికి పోయింది. రాజుగారు అక్కను చూశారు, కవులనూ చిత్రకారులనూ చూశారు, వంటశాల వైపు చూశారు.

"అయితే ఇన్నాళ్ళూ నా రాజ్యమంతా, నేను పాలు తాగడానికి ఎప్పుడు లోపలికి వెళతానా అని చూస్తోందన్నమాట," అన్నారు. అని పకపకా నవ్వారు. ఆయన నవ్వాక గాని మిగతావాళ్ళకు నవ్వడానికి ధైర్యం రాలేదు. వచ్చాక మాత్రం ఎవరికీ ఆగలేదు.

వాగు ఒడ్డున ఉన్న అంకుడు తోట మొత్తం కొండోజు దంపతులకు రాసిచ్చారు రాజుగారు. దుంగలను వాళ్ళిష్టమొచ్చినన్నాళ్ళు ఆకుల కింద పడేసుకోవచ్చు, ఎవరూ అడగడానికి వీల్లేదు. తర్వాత ముద్దనను ఏం కావాలో కోరుకోమన్నారు. ఈ పూట పప్పు వంటవాడు వండినట్టుగా తినాలని ఉందన్నాడు ముద్దన.

రాజుగారు లేచి వంటశాలకు వెళ్ళారు. వంటవాడు ఉప్పు కుండ అందించబోయాడు. ఆయన అది తీసుకోలేదు. పొయ్యి వెలిగించకముందే వాడి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, తిరిగి వచ్చేశారు.

అందరూ పంక్తిలో కూర్చున్నారు. రాజుగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఆగి, ఇంకో ముద్ద కలుపుకున్నారు.

"ముద్దనా, ఈ పప్పు ఎప్పుడూ ఇంత బాగుండేదా?"

"లేదు ప్రభూ. తమరి చెయ్యి ముందు పడింది ఇవాళే కదా."

రాజుగారికి నవ్వొచ్చి పొలమారింది. అక్కగారు లేచి, చిన్నప్పటిలాగే తమ్ముడి నెత్తి మీద తట్టారు. ఆ పూట ఆ కొలువులో నీళ్ళ కోసం తడుముకున్నది రాజుగారు ఒక్కరే.